కావలి కాసే ఊరు: జావా పల్లెలో ప్రాణం, సొత్తు, భద్రత – ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

జావా ద్వీపంలోని పల్లెల్లో వీధి మలుపున ఒక చిన్న కావలి గుడిసె, దాని చూరుకు వేలాడే తొలిచిన కొయ్య దుంగో వెదురు బొంగో కనిపించడం సర్వసాధారణం. ఆ దుంగ పేరు ‘కెంతోంగన్’. దాన్ని మోగించే తీరుకు ఒక సంకేత వ్యవస్థ ఉంది. ప్రాంతాన్ని బట్టి కొద్దిపాటి తేడాలున్నా, విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది: ఒక్కొక్క దెబ్బగా మోగితే హత్య, రెండేసి దెబ్బలైతే దొంగతనం, మూడేసి అయితే అగ్నిప్రమాదం, నాలుగేసి అయితే ప్రకృతి విపత్తు, ఐదేసి అయితే పశువుల దొంగతనం. అంతా క్షేమమని తెలిపే మోతకు ‘దార ములుక్’ అని పేరు. పైకెగిరే పావురం అని దాని అర్థం.

ఈ సంకేతాల వరుసలో ప్రాణం మొదటిది, సొత్తు తరువాతది. వినడానికి ఇది వివాదానికి తావులేని క్రమం. కాని ఆచరణలో ఈ క్రమం ఎంతవరకు నిలుస్తుంది? కావలి ఎవరి ప్రాణానికి, ఎవరి సొత్తుకు? కాసేవారికి, కాపాడబడేవారికి మధ్య భారం న్యాయంగా పంపిణీ అవుతోందా? ఊరంతా కలిసి నిర్మించుకున్న భద్రత, ఆ ఊరికి చెందనివానికి ముప్పుగా మారినప్పుడు దానిని భద్రత అనవచ్చునా? ఈ ప్రశ్నలను జావా పల్లె జీవితం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మాటల్లో దాగిన భావన

భద్రతను గురించి ఒక సమాజం ఏమనుకుంటున్నదో తెలుసుకోవడానికి దాని పదజాలం మొదటి ఆధారం. జావాలో పల్లెను ‘దేస’ అంటారు. ఇది సంస్కృత ‘దేశ’ శబ్దమే. తెలుగులో దేశమంటే రాజ్యమంత విస్తృతి స్ఫురిస్తే, జావాలో అదే మాట పొలాల నడుమ ఒదిగిన ఊరికి పరిమితమైంది. పల్లెవాసికి మొదటి దేశం అతని ఊరేనన్న అర్థం అందులో తోస్తుంది.

క్షేమానికి జావా వారి మాట ‘స్లమెత్’. ఇది అరబ్బీ మూలం గల పదం. హైదరాబాదు ప్రాంతపు ‘సలామత్’కు దగ్గరి చుట్టం. పెళ్లి, పురుడు, మరణం, పంటకోత వంటి సందర్భాలలో ఇరుగుపొరుగును పిలిచి జరిపే అన్నప్రసాద విధికి ‘స్లమెతన్’ అని పేరు. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1960లో వెలువరించిన జావా మతాచారాల అధ్యయనంలో ఈ విధికి కేంద్రస్థానమిచ్చాడు. ఆయన వివరణ ప్రకారం స్లమెత్ అంటే ఏమీ జరగకపోవడం, ఎవరికీ ఏ ఉపద్రవమూ రాకపోవడం. అంటే ఇక్కడ క్షేమం సంపాదించుకునే వస్తువు కాదు; చెదరకుండా కాపాడుకునే స్థితి. దాన్ని ఒంటరిగా కాపాడుకోవడం సాధ్యం కాదు గనుకనే విధిలో పొరుగువాని హాజరు తప్పనిసరి.

మూడవ మాట ‘రుకున్’. పొరపొచ్చాలు లేని పొందిక అని స్థూలార్థం. జావా నీతిని తత్త్వశాస్త్ర దృష్టితో పరిశీలించిన ఫ్రాంజ్ మాగ్నిస్-సుసెనో రుకున్‌ను, పెద్దాచిన్నా తారతమ్యమెరిగి మెలగడమనే ‘హోర్మత్’ను ఆ నీతికి రెండు మూలసూత్రాలుగా గుర్తించాడు. ఆయన చేసిన ఒక సూక్ష్మ విశ్లేషణ ఈ చర్చకు కీలకం. రుకున్ మనసులోని భావాలను శాసించదు, బయటి ప్రవర్తనను శాసిస్తుంది. కలహం బయటపడకూడదన్నదే దాని మొదటి పట్టింపు. ఎవరికి అన్యాయం జరిగిందన్న ప్రశ్న ఆ తరువాతది. పల్లె భద్రతకు బలమూ, బలహీనతా ఈ లక్షణంలోనే ఉన్నాయి.

సొత్తు: బాధ్యతతో ముడిపడిన హక్కు

తలుపుకు తాళం వేసుకునే మనిషి తన పొరుగువారిని గురించి ఏమనుకుంటున్నాడో ఆలోచించమన్నాడు థామస్ హాబ్స్, 1651 నాటి ‘లెవయథాన్’లో. రాజ్యం లేనిచోట మనిషికి మనిషే భయకారణమని ఆయన సిద్ధాంతం. ఆ తరువాతి తరంలో జాన్ లాక్ ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని కలిపి ‘సొత్తు’ అనే ఒకే మాట కిందకు తెచ్చి, దాని రక్షణే ప్రభుత్వ పరమార్థమన్నాడు. ఈ ఆలోచనలో హక్కు ముందు, కావలి వెనుక. వ్యక్తికి ఆస్తి ముందే ఉంటుంది. దాన్ని కాపాడడానికి వ్యవస్థ తరువాత పుడుతుంది.

జావా పల్లెలో ఈ క్రమం చాలాచోట్ల తలకిందులుగా ఉండేది. ‘గోగోల్’, ‘సికెప్’ అనే పేర్లతో వ్యవహరించిన పూర్తి హక్కుదారు రైతులకు పొలం దక్కడమంటే, దానితోపాటు వెట్టిపని, కాలువల మరమ్మతు, రాత్రి కావలి కూడా దక్కడమే. బాధ్యత మోసేవాడికే పొలం; పొలమున్నవాడికే ఊరి సభలో మాట. గ్రామాధికారులకు జీతంగా ఇచ్చే ‘బెంకోక్’ భూమి కూడా ఇదే సూత్రాన్ని అనుసరించింది. తెలుగునాట కరణానికి, తలారికి ఉండిన మాన్యాలను ఎరిగిన పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. కావలి అనేది ఆస్తికి తరువాత జోడించిన రక్షణ కాదు. ఆస్తిని ఆస్తిగా నిలిపిన షరతులలో అదొకటి.

అయితే ఈ చిత్రాన్ని అనాది గ్రామస్వరాజ్యంగా భావించడం పొరపాటు. ఇక్కడ తెలుగు పరిశోధకులకు సుపరిచితుడైన ఒక వ్యక్తి ప్రస్తావనకు వస్తాడు. కావలి సోదరుల సహకారంతో స్థానిక చరిత్రలను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1811లో ఆంగ్ల సైన్యంతో జావా వెళ్లి, 1813 వరకు అక్కడున్నాడు. ద్వీపంలోని భూమి హక్కుల స్థితిని విచారించిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ విచారణ నేపథ్యంలో స్టామ్‌ఫర్డ్ రాఫిల్స్ ప్రవేశపెట్టిన భూమిశిస్తు విధానం మొదట ఊరిని ఒక యూనిట్‌గా తీసుకుని, 1814 నాటికి రైతువారీ పద్ధతి వైపు మొగ్గింది. తరువాత వచ్చిన డచ్చివారు శిస్తు వసూలులోనూ, 1830 నుంచి అమలైన నిర్బంధ సాగు విధానంలోనూ మళ్లీ ఊరినే బాధ్యురాలిని చేశారు. గిరిగీసుకుని స్వయంపూర్ణంగా జీవించే సనాతన గ్రామమనే భావన వలసపాలన అవసరాల నుంచి రూపొందిన కల్పన అని యాన్ బ్రేమన్ చేసిన వాదనకు ఆధారం ఇదే.

ఈ చరిత్ర నైతిక ప్రశ్నను రద్దు చేయదు, మరింత జటిలం చేస్తుంది. పైనుంచి మోపబడిన బాధ్యత, తరాలు గడిచాక ఊరి సొంత నీతిగా మారవచ్చు. దాని పుట్టుక బలవంతమైనంత మాత్రాన దాని విలువ శూన్యమని చెప్పలేము. అది ఊరి ఆచారమైనంత మాత్రాన న్యాయమనీ చెప్పలేము.

చిటికెడు బియ్యం, ఒక రాత్రి నిద్ర

నేటి పల్లెలో కావలి పొలం హక్కుతో ముడిపడి లేదు. సుమారు కొన్ని పదుల ఇళ్లు కలిసి ఒక ‘రుకున్ తెతంగ’, అంటే పొరుగు సంఘం. దానిలోని మగవారు వంతులవారీగా రాత్రి గస్తీ తిరుగుతారు. గస్తీకి ‘రోండ’ అని పేరు. చాలా ఊళ్లలో దీనికి తోడుగా ‘జింపితన్’ అనే ఆచారముంది. జింపిత్ అంటే చిటికెడు. ప్రతి ఇంటివారూ వాకిట ఒక చిన్న డబ్బాలోనో వెదురు గొట్టంలోనో కాసిని బియ్యపుగింజలు ఉంచుతారు. గస్తీవారు వాటిని పోగుచేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల బియ్యానికి బదులు నాణెం పెడుతున్నారు. పోగైన మొత్తం కావలి గుడిసె మరమ్మతుకు, రోగుల పరామర్శకు, చావు ఖర్చులకు వినియోగమవుతుంది.

ఈ చిన్న ఆచారంలో ఒక సున్నితమైన ఏర్పాటు ఉంది. తెల్లవారి డబ్బా ఖాళీగా ఉంటే గస్తీవారు ఆ వాకిటికి వచ్చి వెళ్లారని రుజువు. బియ్యం పెట్టకపోతే ఆ ఇంటిలో ఏదో ఇబ్బంది ఉందని సూచన. కాపాడేవాడిని ఇల్లు గమనిస్తుంది. ఇంటిని కాపాడేవాడు గమనిస్తాడు. అపనమ్మకాన్ని పైకి చెప్పకుండానే పరస్పర పరిశీలన సాగుతుంది.

కాని దీనిలోని న్యాయాన్ని పరీక్షించక తప్పదు. అందరికీ చిటికెడే, అందరికీ ఒకే రాత్రి. మోటారు సైకిళ్లు, ఆవులు, బంగారం ఉన్నవాడి ఇంటికి దొంగ భయం ఎక్కువ. వెదురు తడికల ఇంట్లో ఉండే కూలివాడి ఇంట పోయేదేమీ లేదు. అయినా ఇద్దరూ ఒకే పాటి నిద్ర మానుకుంటున్నారు. పైగా కూలివాడికి మరునాటి ఉదయం పొలంలో ఒళ్లు వంచక తప్పదు. సమానమైన భారం, అసమానమైన ప్రయోజనం. ఈ లెక్కన రోండ అనేది పేదవాని నిద్రతో సంపన్నుని ఆస్తికి కట్టిన కంచె అవుతుంది.

ఈ విమర్శకు రెండు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది, కావలి సొత్తుకు మాత్రమే కాదు. మంటలు, భూకంపాలు, పురిటి నొప్పులు, అర్ధరాత్రి జబ్బులు ఆస్తి చూసి రావు. రెండవది మరింత లోతైనది. వంతు వేసుకోవడమంటే లెక్కలోకి రావడం. పూర్వకాలపు గోగోల్ వ్యవస్థలో భూమి లేనివాడికి బాధ్యతా తక్కువే, సభ్యత్వమూ తక్కువే. నేటి వంతులో అతనూ ఊరివాడే. తన ఇంట చావు జరిగితే ఊరు కదిలి వస్తుందన్న భరోసాను అతడు తన నిద్రతో కొనుక్కుంటున్నాడు. ఈ సమాధానం బలమైనదే గాని సంపూర్ణం కాదు. సభ్యత్వానికి పేదవాడు నిద్ర చెల్లిస్తూ, సంపన్నుడు అదే నిద్రకు బదులు జరిమానా చెల్లించి తప్పుకోగలిగితే, సమానత్వం అక్కడే సడలుతుంది.

గస్తీకి రానివారి నుంచి చిన్న మొత్తం వసూలు చేయడం అనేక ఊళ్లలో ఉన్నదే. జరిమానాకు, రుసుముకు మధ్య ఉన్న తేడాను మైకేల్ సాండెల్ 2012 నాటి తన గ్రంథంలో చర్చించాడు. జరిమానాలో తప్పు చేశావన్న నింద ఉంటుంది, రుసుములో ఉండదు. పట్నంలో ఉద్యోగం చేస్తూ రాత్రికి ఇల్లు చేరే వ్యక్తి ఆ మొత్తాన్ని నెలసరి బిల్లులా చెల్లించడం మొదలుపెట్టిన నాడు, జరిమానా రుసుముగా మారిపోయింది. సొమ్ముతో కావలివాడిని పెట్టుకుంటే దొంగలు తగ్గవచ్చు. కాని కావలి గుడిసెలో పక్కపక్కన కూర్చున్న రాత్రులలో పొరుగువాడి కష్టసుఖాలు తెలియడమనే ఫలం అందులో దొరకదు.

ఇటువంటి మార్పు పంట విషయంలో ముందే జరిగింది. జావా వరిపొలాల్లో కోతకు వచ్చినవారందరికీ పంటలో వాటా ఇచ్చే ‘బావొన్’ పద్ధతి ఉండేది. వేళ్ల మధ్య ఇమిడే ‘అని-అని’ అనే చిన్న కత్తితో ఆడవారు ఒక్కొక్క వెన్నూ కోసేవారు. 1970ల తొలినాళ్ల నుంచి పొలం మీదనే పంటను కొనే ‘తెబసన్’ వ్యాపారులు కొడవలి కూలీలను వెంట తెచ్చుకోవడం పెరిగింది. ఊరి పేదరాలికి పొరుగు పొలంలో ఉండిన అడుగుపెట్టే హక్కు పోయింది. నిన్నటి వరకు వాటాదారు అయిన మనిషి నేడు పొలంగట్టు మీద అనుమానితురాలు. ఆస్తి నిర్వచనం మారితే దొంగతనం నిర్వచనమూ మారుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

కావలి వెనుక రాజ్యం

పొరుగు సంఘం పల్లె హృదయంలోంచి పుట్టినదన్న అభిప్రాయం కూడా పాక్షిక సత్యమే. దాని ప్రస్తుత రూపానికి మూలం 1944లో జపాను ఆక్రమణ ప్రభుత్వం జావాలో నెలకొల్పిన ‘తొనరిగుమి’. యుద్ధ అవసరాలకు జనాన్ని, ధాన్యాన్ని సమీకరించడం, పొరుగువారిపై నిఘా ఉంచడం దాని లక్ష్యాలు. సుహార్తో పాలనలో రాత్రి గస్తీ ‘సిస్కామ్లింగ్’ అనే పేరుతో పోలీసు పర్యవేక్షణలోని జాతీయ కార్యక్రమమైంది. ‘గోతోంగ్ రోయోంగ్’, అంటే పరస్పర సహకారం, రాజ్యం చేతిలో ఒక రాజకీయ నిర్మాణంగా ఎలా మారిందో జాన్ బోవెన్ 1986లో చర్చించాడు. కావలి గుడిసె చరిత్రను అబీదిన్ కుస్నో పరిశీలించాడు.

రాజ్యం పల్లెకు కావలి నేర్పిన ఆ దశకంలోనే మరొక పాఠమూ నేర్పింది. 1983 నుంచి నేరస్థులుగా ముద్రపడినవారిని విచారణ లేకుండా కాల్చి, శవాలను జనం చూసేలా వదిలిన ‘పెత్రుస్’ హత్యలు వేలమందిని బలిగొన్నాయి. 1989లో వెలువడిన ఆత్మకథలో సుహార్తో వాటిని సమర్థించుకున్నాడు. దొంగ ప్రాణానికి విలువ లేదన్న భావన అంతకుముందు పల్లెలో లేదని కాదు. కాని రాజ్యమే ఆ భావనకు రాజముద్ర వేసింది.

అంతకు ముందరి గాయం ఇంకా పెద్దది. 1960 నాటి భూచట్టాలు ఆశించినంతగా అమలు కాకపోవడంతో 1964 ప్రాంతంలో మధ్య, తూర్పు జావాలలో భూమి లేనివారు కమ్యూనిస్టు రైతు సంఘం అండతో పొలాల స్వాధీనానికి దిగారు. 1965–66 హత్యాకాండ ఇండోనేషియాలో లక్షల ప్రాణాలు తీసింది. పల్లెల్లో దానికి ఈ భూవివాదాల పగ కూడా ఒక ఇంధనమైంది. పైకి కనిపించే రుకున్ లోపలి అన్యాయాన్ని పరిష్కరించక కప్పిపుచ్చితే ఫలితం ఎంత ఘోరంగా ఉండగలదో ఆ సంవత్సరాలు చూపాయి. పొరుగువారి వివరాలన్నీ తెలిసి ఉండడం క్షేమకాలంలో ఎంత రక్షణో, అటువంటి కాలంలో అంత ప్రమాదం.

దొంగ దొరికిన వేళ

పల్లె భద్రతకు అసలు పరీక్ష దొంగ రాని రాత్రి కాదు, దొంగ దొరికిన రాత్రి. ఊరివాడే చిన్న దొంగతనం చేసి పట్టుబడితే పొరుగు సంఘం పెద్ద సమక్షంలో రాజీ చేసి, సొత్తు తిరిగి ఇప్పించి, మాట బయటకు పొక్కకుండా చూడడం పరిపాటి. అదే బయటివాడు దొరికితే మూకదెబ్బలు, కొన్నిసార్లు మరణం. నలుగురి ఎదుట గుంపుగా దాడిచేయడం ఇండోనేషియా శిక్షాస్మృతి కింద నేరమే అయినా, ఈ ఘటనలు ఆగలేదు.

దీనికి పేదరికంలో పోగొట్టుకున్న మోటారు సైకిలు విలువను కారణంగా చూపడం ఉంది. పోలీసులపై అపనమ్మకాన్ని చూపడమూ ఉంది. రెండింటిలోనూ నిజముంది. ఆవు పోయిన రైతు పోగొట్టుకున్నది పశువును మాత్రమే కాదు, కొన్నేళ్ల పొదుపును. అయినా దెబ్బల తీవ్రత పోయిన వస్తువు విలువకు ఏనాడూ పొంతన కుదరదు. కారణం పల్లె భద్రత స్వభావంలోనే వెదకాలి. అక్కడ భద్రత గోడ కాదు, సంబంధం. కనుక దొంగతనం వస్తువుపై జరిగిన నేరంగా గాక, సంబంధంపై జరిగిన దాడిగా అనుభవానికి వస్తుంది. ఊరివాడైతే తెగిన సంబంధాన్ని అతికించవచ్చు. బయటివాడితో అతికించవలసిన సంబంధమే లేదు. ఊరివారి పట్ల సహనానికి కారణమైన నీతే బయటివారి పట్ల క్రౌర్యానికీ అవకాశమిస్తోంది.

1998లో తూర్పు జావాలోని బన్యువంగి ప్రాంతంలో చేతబడి చేస్తారన్న అనుమానంతో వందమందికి పైగా హతులయ్యారు. నల్లదుస్తుల ‘నింజా’లు వస్తున్నారన్న వదంతితో ఊరూరా కావళ్లు వెలిశాయి. ఆ కావళ్ల చేతుల్లో దారితప్పిన అపరిచితులు, మతిస్థిమితం లేని సంచారులు కూడా ప్రాణాలు కోల్పోయారు. తమ పేరు, ఊరు చెప్పలేకపోవడమే వారి నేరమైంది. బయటి కుట్ర అన్న వివరణ ప్రచారంలో ఉన్నా, చేతబడి అనుమానితుల హత్యల్లో స్థానికుల పాత్రను నికలస్ హెరిమన్ అధ్యయనం ఎత్తిచూపింది. 2023 జనవరిలో అధ్యక్షుడు జోకో విడోడో తీవ్రమైన మానవహక్కుల ఉల్లంఘనలుగా అంగీకరించిన 12 ఘటనలలో 1965–66 హత్యాకాండ, పెత్రుస్, ఈ చేతబడి అనుమానితుల హత్యలు మూడూ ఉన్నాయి.

ఉపసంహారం

ఈ ఉదాహరణలను చూసి పల్లె కావలిని మూకతత్వమని తోసిపుచ్చడం సులభం. కాని 2006 మే 27న యోగ్యకర్త ప్రాంతంలో భూకంపం వచ్చి 5,700 మందికి పైగా మరణించినప్పుడు, శిథిలాల కింద ఎవరి ఇంట ఎందరు నిద్రిస్తున్నారో చెప్పగలిగింది పొరుగువారే. తరువాతి ఇళ్ల నిర్మాణంలోనూ సాయం ఇరుగుపొరుగు కుటుంబాల బృందాల ద్వారానే సాగింది. ఏ ఎరుక 1965లో చంపడానికి ఉపయోగపడిందో, ఆ ఎరుకే 2006లో బతికించడానికి ఉపయోగపడింది. కనుక తప్పు ఎరుకలో లేదు. ఆ ఎరుకకు గీసుకున్న సరిహద్దులో ఉంది.

తోలుబొమ్మలాట వంటి ‘వయంగ్’ ప్రదర్శన ఆరంభంలో కథకుడు వర్ణించే ఆదర్శ రాజ్యంలో పశువులు కాపరి లేకుండా మేతకు వెళ్లి, వాటంతట అవే ఇల్లు చేరతాయి. అక్కడ దొంగలు లేరు గనుక కావలీ లేదు. వాస్తవ జావా పల్లెకు ఆ భాగ్యం లేదు. దానికి కావలి కావాలి. ఆ కావలి న్యాయమైనది కావాలంటే రెండు షరతులు తప్పవు. మొదటిది, భారం సమానంగా ఉన్నచోట ప్రయోజనమూ, ఊరి నిర్ణయాలలో మాటా అదే మేరకు సమానం కావాలి. లేకుంటే పేదవాని నిద్ర సంపన్నుని ఆస్తికి కంచెగా మిగులుతుంది. రెండవది, పొరుగువాడి ప్రాణానికి ఉన్న విలువ పట్టుబడిన పరాయివాడి ప్రాణానికీ దక్కాలి.

కెంతోంగన్ సంకేతాలలో ఈ రెండవ షరతు ఎప్పుడో రాసి ఉంది. రెండేసి దెబ్బలు విని పరుగెత్తుకొచ్చిన జనం ఒక మనిషిని చుట్టుముట్టినప్పుడు, ఆ వలయంలోని ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి ఒక్కొక్క దెబ్బగా దుంగను మోగించవలసి ఉంటుంది. అది దొంగ కోసం మోగే మోత అయినా సరే. ఆ పని చేయగల ఒక్క మనిషైనా ఉన్న ఊరికే భద్రమైన ఊరన్న పేరు తగుతుంది.